విమానం కొత్తదే, మరి మోకాళ్లకు చోటేది?

మా బాబాయ్ విజయనగరం డిపోలో ముప్పై ఏళ్లకు పైగా ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆరడుగుల పైన ఇంకో అంగుళం మనిషి. మొన్న సంక్రాంతి వెళ్లాక వైజాగ్ నుంచి బెంగళూరుకి, మా ఇంటికి, మొదటిసారి విమానంలో వచ్చాడు. టికెట్ తీసినప్పుడు నేనే గొప్పగా చెప్పాను, కొత్త ఎయిర్‌బస్ బాబాయ్, నియో అంటారు, హాయిగా వచ్చేస్తావు అని. ఎయిర్‌పోర్టు బయట కనబడగానే సంచీ కింద పెట్టకుండానే అడిగాడు: "ఏట్రా, కొత్త బండన్నావు, మోకాళ్లెక్కడ పెట్టుకోమన్నాడు?"

వైట్‌ఫీల్డ్ వైపు వెళ్లే వాయు వజ్ర బస్సెక్కాం. వోల్వో సీట్లో కాళ్లు బారజాపుకుని కూర్చున్నాక ఆయన అసలు సంగతి బయటపెట్టాడు. విమానంలో జాన వేసి కొలిచాడట. ముందు సీటు వెనక నుంచి తన సీటు వెనక దాకా మూడు జానలు, ఆ పైన ఒక అంగుళం. "పల్లెవెలుగు నయం కదరా" అన్నాడు. ఏ కంపెనీ విమానమన్నది పక్కన పెడదాం, ఎందుకంటే మన దేశంలో చవక టికెట్ల లెక్క అందరిదీ దాదాపు ఒకటే. జాన తొమ్మిది అంగుళాలనుకుంటే ఆయన కొలత 28 అంగుళాలు, ఇక్కడ చాలా ఎకానమీ సీట్లకు ఉండేది కూడా అటూ ఇటూగా అంతే. టేపు లేకుండా ఇంత కచ్చితంగా కొలిచాడంటే డ్రైవరనే అనాలి.

ఆయన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. కొత్త విమానాలొస్తున్నాయని ప్రతి ఎయిర్‌లైనూ చెబుతుంది. ఇండిగో 2023 జూన్‌లో ప్యారిస్ ఎయిర్‌షోలో ఒకేసారి 500 ఎయిర్‌బస్‌లు ఆర్డరిచ్చింది, అదే ఏడాది ఎయిరిండియా ఎయిర్‌బస్‌కీ బోయింగ్‌కీ కలిపి 470కి ఒప్పందం చేసుకుంది, అకాశా అయితే 2022లో మొదలైనప్పటి నుంచీ బోయింగ్ 737 మ్యాక్స్‌లే నడుపుతోంది. వీటిలో చాలా భాగం మధ్యలో ఒకే నడవా, అటు మూడు ఇటు మూడు సీట్లు ఉండే రకమే. ఇన్ని వందల కొత్త బళ్లొస్తుంటే కూర్చునే మనిషికి ఏమైనా ఒరిగిందా?

ఒరిగింది. కానీ సగమే, అది కూడా మనం చూడని వైపు.

బాబాయ్‌కి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది చాసిస్‌కీ బాడీకీ ఉన్న తేడా. అదే లేలాండ్ చాసిస్ మీద పల్లెవెలుగు కట్టొచ్చు, సూపర్ లగ్జరీ కూడా కట్టొచ్చు. ఇంజిన్ ఎంత లాగుతుంది, బండి ఎంత అదురుతుంది అన్నది చాసిస్ కంపెనీ చేతిలో ఉంటుంది. లోపల అటు మూడు ఇటు రెండు వేయాలా, రెండూ రెండూ పుష్‌బ్యాక్ వేయాలా అన్నది ఆర్టీసీ తేలుస్తుంది. విమానాల్లోనూ ఇదే భాగోతం. ఎయిర్‌బస్, బోయింగ్ గొట్టం, రెక్కలు, తలుపులు ఇస్తాయి. ఎన్ని సీట్లో, ఎంత దగ్గరగానో, మరుగుదొడ్డి ఎక్కడో, తయారీ కంపెనీ ఇచ్చిన వాటిలోంచి ఎయిర్‌లైన్ ఏరుకుంటుంది. కొత్త విమానం అనగానే ఈ రెండూ కొత్తవేననుకుంటాం, అక్కడే మోసపోతాం.

ముందు చాసిస్ సంగతి. ఎయిర్‌బస్ వాళ్ల ఏ320 జనాన్ని ఎక్కించుకోవడం మొదలైంది 1988లో. 2010 డిసెంబర్‌లో ఎయిర్‌బస్ 'నియో' అని ప్రకటించినప్పుడు కొత్త విమానమేమీ గీయలేదు, పాతదానికే కొత్త ఇంజిన్ ఎంచుకునే వీలిచ్చింది, నియో అన్న పేరుకు అర్థం కూడా అదే. మొదటి నియో 2016 జనవరిలో లుఫ్తాన్సాకి వెళ్లింది, రెండు నెలల్లో మనకీ వచ్చింది, ఇండిగోకి. పాత ఏ320 పొడవు 37.57 మీటర్లు, నియోదీ 37.57 మీటర్లే. బోయింగ్ కథ ఇంకా పాతది. 737 మొదట ఎగిరింది 1967లో, దాని వెడల్పు అంతకు ముందరి 707 నుంచి తెచ్చుకున్నది. ఈ రోజు మ్యాక్స్‌లో మన భుజం పక్కవాడి భుజానికి ఎంత తగలాలో దాదాపు డెబ్భై ఏళ్ల కిందట గీసిన గీతే నిర్ణయిస్తోందన్నమాట. అది తలచుకుంటే నాకు కొంచెం నవ్వు, కొంచెం కోపం.

మారింది ఇంజిన్. నాకు తెలిసి నిజమైన సుఖం వచ్చింది కూడా అక్కడి నుంచే. పాత ఏ320కి వేసే ఇంజిన్లలో ఒకదాని ముందు ఫ్యాన్ అడ్డుకొలత సుమారు 68 అంగుళాలు, నియోకి వేసే ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్‌లో అది 81. పెద్ద ఫ్యాన్ పెట్టడం దేనికంటే, గాలినంతా లోపల మండించి సన్నటి ధారగా వేగంగా వెనక్కి కొట్టేకంటే, ఎక్కువ గాలిని మంట జోలికి పోనివ్వకుండా చుట్టూతా నెమ్మదిగా నెడితే చమురు తక్కువ, చప్పుడూ తక్కువ. పాతదాంట్లో లోపలికి ఒక వంతు గాలి వెళ్తే బయట నుంచి ఐదారు వంతులు వెళ్లేది, కొత్తవాటిలో పదకొండు పన్నెండు వంతులు వెళ్తుంది. ఇక ఆ ప్రాట్ ఇంజిన్‌లో అసలు తమాషా గేరు. మామూలు ఇంజిన్‌లో ముందు ఫ్యాను, వెనక దాన్ని తిప్పే టర్బైను ఒకే ఇరుసు మీద ఉంటాయి, ఫ్యాన్‌కి నిదానంగా తిరగాలని ఉంటుంది, టర్బైన్‌కి గిర్రున తిరగాలని ఉంటుంది, మధ్యలో ఏదో రాజీ. వీళ్లు మధ్యలో గేర్‌బాక్స్ పెట్టి, టర్బైన్ సుమారు మూడు చుట్లు తిరిగితే ఫ్యాన్ ఒక చుట్టు తిరిగేలా చేశారు. ఇది చెప్పగానే బాబాయ్ మొహం వెలిగిపోయింది. "ఇది మనకి తెలిసిందే కదా, ఘాట్‌లో థర్డ్ గేర్లో ఇంజిన్ అరిచిద్ది, చక్రం నెమ్మదిగానే తిరిగిద్ది" అన్నాడు.

ఈ నిశ్శబ్దం మనకి ఎప్పుడు తెలుస్తుందంటే, రన్‌వే మీద పరుగు తీసేటప్పుడు, పైకి లేచిన మొదటి ఐదు పది నిమిషాలు. పాత ఏ320లో రెక్క దాటి వెనక కూర్చుంటే పక్కవాడితో మాట్లాడాలంటే గొంతు పెంచాలి, నియోలో అంత అక్కర్లేదు. కానీ 35 వేల అడుగులకు చేరాక ఆ తేడా చాలా వరకు కరిగిపోతుంది. అక్కడ మన చెవిని కొట్టేది ఇంజిన్ ఒక్కటే కాదు, గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల వేగంతో రేకు మీద రాసుకుపోయే గాలి హోరు, దానికి ఏ ఇంజినూ ఏమీ చేయలేదు. కాబట్టి నిద్ర కావాలంటే ఇప్పటికీ ముందు వరుసలే నయం. నిజానికి ఈ నిశ్శబ్దం వల్ల ఎక్కువ లాభపడింది మనం కాదు, ఎయిర్‌పోర్టు చుట్టూ ఊళ్లలో ఉండేవాళ్లు. నేల మీద శబ్దం పరుచుకునే మేర దాదాపు సగానికి తగ్గిందని ఎయిర్‌బస్ చెప్పుకుంటుంది. ఎయిర్‌లైన్ డబ్బు పెట్టింది చమురు ఆదా కోసం, మొదట్లోనే సుమారు 15 శాతం అని చెప్పారు. మన చెవులకు దక్కింది కొసరు.

ఆ ఇంజిన్ ఇంకో వింత చప్పుడు కూడా చేస్తుంది. దిగడానికి వేగం తగ్గించినప్పుడు సముద్రంలో తిమింగలం మూలిగినట్టు ఊఁఁ అని ఒక ధ్వని, వినడం మొదటిసారైతే ఏదో విరిగిందనిపిస్తుంది. ఏమీ విరగలేదు, దాని గొంతే అంత. అలాగే నేల మీద ఉన్నప్పుడు కాళ్ల కింద నుంచి కుక్క మొరిగినట్టు, రంపంతో కోసినట్టు వచ్చే చప్పుడు ఏ320 పుట్టినప్పటి నుంచీ ఉంది, నియోలోనూ ఉంది. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ వ్యవస్థలు మూడింటిలో, రెండింటి మధ్య, ఒకదాంట్లో ఒత్తిడి తగ్గితే రెండోది సాయం చేసేలా చూసే యంత్రం అది, ఒక ఇంజిన్ మాత్రమే నడుస్తున్నప్పుడు బాగా వినబడుతుంది. బాబాయ్ భయపడింది మాత్రం చప్పుడుకి కాదు, పొగకి. వైజాగ్‌లో తలుపు వేయగానే పైనుంచి తెల్లగా దిగిందట. చెన్నైలోనూ ఇది మామూలే, సముద్రపు ఒడ్డు తేమ గాలిలోకి ఏసీ చల్లగాలి రాగానే పొగమంచు కడుతుంది, అంతే.

ఇప్పుడు బాడీ సంగతి, అంటే మోకాళ్ల సంగతి.

సీట్ పిచ్ అనే మాట చాలామందికి కాళ్ల చోటుగా అర్థమవుతుంది. అది కాళ్ల చోటు కాదు. ఒక సీటు మీద ఏదో ఒక చోటి నుంచి, ముందు సీటు మీద సరిగ్గా అదే చోటి దాకా దూరం. అందులో ముందు సీటు మందం కూడా కలిసే ఉంటుంది. ఎయిర్‌లైన్ వాళ్ల తెలివంతా ఆ మందం మీదే పనిచేసింది. పాత సీట్లకు వెనక దళసరి స్పాంజి, కింద పత్రికల సంచీ ఉండేవి. కొత్తవి పలక సీట్లు, పత్రికల సంచీని కూడా మోకాలి దగ్గర నుంచి పైకి, ట్రే పక్కకి జరిపారు. రెండంగుళాల మందం తగ్గించి పిచ్ ఒక అంగుళమే తగ్గిస్తే మోకాలికి నిజంగానే ఒక అంగుళం ఎక్కువ చోటు వస్తుంది, ఇది అబద్ధం కాదు. 28 అంగుళాల కొత్త సీటు, 29 అంగుళాల పాత సీటు కంటే ఇరుగ్గా ఉండాలని లేదు. కానీ ఆ పోయిన స్పాంజి ఎక్కడిది? మన నడుముది. వైజాగ్‌కి సుమారు గంటన్నరే కాబట్టి తెలియదు, ఢిల్లీకి రెండు గంటలా నలభై ఐదు నిమిషాలు పోయినప్పుడు రెండో గంట నుంచి నా తుంటి ఎముక నాకు గుర్తు చేస్తూనే ఉంటుంది. బాబాయ్ లాంటి ఎత్తరికి ఈ లెక్క అసలు వర్తించదు, ఎందుకంటే తొడ ఎముక పొడవును ఏ డిజైనరూ పలచన చేయలేడు.

తర్వాత ఆ వాలడం. చాలా కొత్త సీట్లు రెండంగుళాలు వాలితే గొప్ప, కొన్నింటికి అసలు వాలే బటనే ఉండదు, ముందే కాస్త వాల్చి బిగించేస్తారు. ఇది జనం తిట్టుకునే విషయమే గానీ నేను మాత్రం ఒప్పుకుంటాను. 28 అంగుళాల్లో ముందువాడు వాలితే నా ల్యాప్‌టాప్ మూత పగులుతుంది, ఎవడూ వాలకపోవడమే ఇంత ఇరుకులో మర్యాద.

ఒక వరుస ఎక్కువ ఎలా పట్టిందో చూస్తే ఇంకా ఆశ్చర్యం. ఇండిగో పాత ఏ320లో 180 సీట్లు, ముప్పై వరుసలు. నియోల్లో చాలావాటిలో 186, అంటే ముప్పై ఒకటి. పొడవు పెరగలేదని పైనే అనుకున్నాం, మరి ఆ ఆరుగురూ ఎక్కడ కూర్చున్నారు? వెనక వంటగది ఉండే గోడ దగ్గర. అంతకు ముందు వంటగదికి ముందు, నడవాకి అటూ ఇటూ ఉండే రెండు మరుగుదొడ్లను తీసుకెళ్లి చిట్టచివర వంటగది గోడలోకి నెట్టేశారు. సీట్ల మధ్య గొంతు నొక్కకుండానే వరుస దొరికింది, ఆ మేరకు తెలివైన పనే. కానీ ఆ గోడలో ఇమడాలి కాబట్టి గది కుదించుకుపోయింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుని వెనక్కి తిరగడం బాబాయ్‌కి బస్సును సందులో రివర్స్ చేసినంత పనైందట. సాధారణంగా ముందొకటి, వెనక రెండు, మొత్తం మూడు. 186 మందికి మూడంటే 62 మందికి ఒకటి. పెళ్లివారి విడిదిలో కూడా ఇంతకంటే మెరుగ్గా చూస్తారు.

ఇదంతా విమానం తప్పని ఎవరైనా అంటే నేను ఎయిరిండియా ఏ320 నియోని చూపిస్తాను. మూడు తరగతులుగా మార్చిన వాటిలో బిజినెస్ 8, ప్రీమియం ఎకానమీ 24, ఎకానమీ 132, మొత్తం 164. అదే గొట్టం, అదే పొడవు, 22 మంది తక్కువ. అలాగని వెనక ఎకానమీలో కూర్చున్నవాడికి చోటు పెరిగిపోయిందనుకోకండి, అక్కడ పిచ్ 28, 29 అంగుళాలే, తగ్గిన ఆ 22 మంది చోటంతా ముందు కూర్చున్నవాళ్లు పంచుకున్నారు. ఇండిగో కూడా 2024 నవంబర్‌లో 'స్ట్రెచ్' అని, ఏ320నే పొడవు పెంచిన ఏ321 నియో ముందు భాగంలో రెండూ రెండూ చొప్పున 12 పెద్ద సీట్లు వేసి ఢిల్లీ, ముంబయి మధ్య మొదలుపెట్టింది, వాటికి పిచ్ 38 అంగుళాలు. అంటే చోటు లేక కాదు, చోటుకి విడిగా ధర కట్టడం నేర్చుకున్నారు. మన ఆర్టీసీ వాళ్లు పల్లెవెలుగుకీ సూపర్ లగ్జరీకీ వేరే వేరే బస్సులు పెడితే వీళ్లు రెండింటినీ ఒకే బస్సులో పెట్టి మధ్యలో తెర కట్టారు.

వెడల్పు విషయంలో మాత్రం తయారీదారే గెలిపిస్తాడు, లేదా ఓడిస్తాడు. ఏ320 లోపలి వెడల్పు 3.70 మీటర్లు, 737ది 3.53. ఆ 17 సెంటీమీటర్లను ఆరు సీట్లకు పంచితే తలా ఒక అంగుళం, అందుకే ఎయిర్‌బస్‌లో సీటు 18 అంగుళాల దాకా వెళ్తే బోయింగ్‌లో 17 దగ్గర ఆగుతుంది. మధ్య సీటులో ఇరుక్కున్నప్పుడు ఆ అంగుళం విలువ తెలుస్తుంది.

సామాను అరల్లో కొత్తవి నిజంగా మెరుగు. బ్యాగును పడుకోబెట్టకుండా పుస్తకంలా నిలబెట్టేంత లోతు ఇచ్చారు, చివర ఎక్కినవాడికి కూడా తన సీటు పైనే చోటు దొరికే అవకాశం పెరిగింది. కాకపోతే నియో అయినంత మాత్రాన ఆ అర ఉండదు, అదీ ఎయిర్‌లైన్ కొనుక్కోవాలి.

గాలి, చెవుల దిబ్బడ దగ్గర మాత్రం ఏ మార్పూ లేదు. ఈ విమానాలు, పాతవైనా కొత్తవైనా, లోపలి ఒత్తిడిని గరిష్ఠంగా 8 వేల అడుగుల ఎత్తులో ఉండే గాలితో సమానంగా ఉంచుతాయి. అంటే సుమారు 2,440 మీటర్లు, ఊటీ కంటే కాస్త పైన కూర్చున్నట్టు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి పెద్ద విమానాల శరీరం ఎక్కువగా కార్బన్ మిశ్రమంతో చేసింది కాబట్టి ఎక్కువ ఒత్తిడి తట్టుకుంటుంది, అవి 6 వేల అడుగుల దగ్గర ఉంచుతాయి, అది మన నంది హిల్స్ కంటే కొంచెమే ఎత్తు. నియో, మ్యాక్స్‌ల గొట్టం ఇంకా అల్యూమినియమే, ఆ సుఖం వాటికి రాలేదు. గంటన్నర ప్రయాణానికి ఇది పట్టించుకోనక్కర్లేదు.

కానీ ప్రయాణాలు గంటన్నర దగ్గర ఆగడం లేదు, నన్ను అడిగితే అసలు చిక్కు ఇదే. చమురు తక్కువ తాగే ఇంజిన్ అంటే అదే ట్యాంకుతో ఎక్కువ దూరం. ఇండిగో 2024 మార్చిలో బెంగళూరు నుంచి బాలికి నేరుగా మొదలుపెట్టింది, ఒకే నడవా విమానంలో దాదాపు ఏడు గంటలు. ఏ321 ఎక్స్ఎల్ఆర్ అన్న రకం ఏకంగా 8,700 కిలోమీటర్లు వెళ్లగలదు. మధ్యలో సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో దిగి మళ్లీ ఎక్కే బాధ తప్పడం మంచిదే, నేనైతే నేరుగా వెళ్లేదే ఎక్కుతాను. కానీ ఏడు గంటలంటే భోజనం బండి నడవాలో ఉన్నంతసేపూ ఎవడూ లేవలేడు, బండి పోయాక అందరూ ఒకేసారి లేస్తారు. గంటన్నరకి సరిపోయే పలక సీటు, చిన్న గది ఏడు గంటలకి సరిపోతాయా అన్న లెక్క ఎవరు వేశారో నాకు తెలియదు, జాన పట్టుకుని బాబాయ్‌ని పంపాలి.

ఇంకో మాట. కొత్త విమానం బుక్ చేశాం కాబట్టి కొత్తదే వస్తుందన్న పూచీ కూడా లేదు. ఆ గేర్ ఇంజిన్‌లోనే కొన్ని భాగాలకు వాడిన లోహపు పొడిలో మలినాలు కలిశాయని 2023లో బయటపడింది. ఇంజిన్లు విప్పి తనిఖీ చేయాల్సొచ్చి, 2024 మొదట్లో ఒక్క ఇండిగోవే 70కి పైగా విమానాలు నేల మీద ఉండిపోయాయి, ఆ లోటు పూడ్చడానికి పాత విమానాలు అద్దెకు తెచ్చారు.

అందుకని తిరుగు టికెట్‌కి నేను ముందే చూశాను. బుకింగ్ వివరాల్లో విమానం రకం మూడు అక్షరాల కోడ్‌లో ఉంటుంది. 32ఎన్ అంటే ఏ320 నియో, 32క్యూ అంటే ఏ321 నియో, 7ఎం8 అంటే మ్యాక్స్ 8, ఏటీ7 అంటే మన రాజమండ్రి వైపు తిరిగే పంకాల విమానం ఏటీఆర్. 32ఎన్ అని ఉంది, మొదటి వరుసలో నడవా సీటుకి కొంచెం ఎక్కువ కట్టి బాబాయ్‌ని ఎక్కించాను. వైజాగ్‌లో దిగాక ఫోన్ చేశాడు.

"కాళ్లు బాగానే పట్టాయిరా. కానీ ముందు సీటు లేదు కదా, ట్రేని చేతికింద పెట్టెలోంచి తీశారు, ఆ పెట్టె అడ్డమొచ్చి నడుం ఇరికిపోయింది. సంచీ కింద పెట్టనివ్వలేదు, పైన పడీసినారు, మీ పిన్నికి కొన్న మైసూర్‌పాక్ ముక్కలైపోయింది."

సరే ఈసారి రెండో వరుస చూస్తాన్లే అన్నాను.

"నువ్వొద్దు గానీ, ఆ మూడక్షరాలు ఇంకోసారి చెప్పు, రాసుకుంటాను. ఎన్ని సీట్లున్నాయో కూడా ఎక్కడ చూడాలో చెప్పు."